ఎర్తు గుంతకు రెండు బిందెలు

మద్దయ్య పొద్దున్నే మిల్లులో కాలు పెట్టగానే చేసే మొదటి పని ఎర్తు గుంతలకు నీళ్లు పోయడం. ఆదోని నూలు మిల్లులో ఎలక్ట్రీషియనుగా చేరిన ఈ ఇరవై రెండేళ్లలో ఈ పనికి నాగా పెట్టిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కరెంటు రూము వెనక ఒక గుంత, అవతల షెడ్డు గోడవారన ఇంకొకటి. ఒక్కోదానికి రెండు బిందెలు. ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన ఆ గుంతల్లో తడి ఉంటేనే, యంత్రం ఒంట్లోకి దారితప్పిన కరెంటు నేలలోకి దిగిపోతుంది. తడి లేకపోతే ఆ యంత్రాన్ని ముట్టుకున్న మనిషి గుండా దిగుతుంది.

ఈ సంగతి మద్దయ్య ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆస్పరి దగ్గర నూనె మిల్లులో తన అన్న గిడ్డయ్య పోయిన తీరు చూసి నేర్చుకున్నాడు. అక్కడ ఎర్తు తీగ తెగి ఆరు నెలలైనా ఎవరికీ పట్టలేదు. గిడ్డయ్య తడి చేత్తో స్విచ్చు పెట్టె మూత తీయబోయాడు, అంతే. అప్పటి నుంచి మద్దయ్యకు రెండే సూత్రాలు. గుంత ఎండకూడదు. కరెంటు పారని ఉత్త తీగ ఎక్కడ కనిపించినా దాన్ని ఎర్తుకు కట్టాలి. తన కింద పని నేర్చుకున్న ప్రతివాడికీ ఈ రెండూ చెప్పి చెప్పి, వాళ్లు వెనకాల తనను అనుకరించి నవ్వుకునేదాకా తెచ్చుకున్నాడు.

కొళాయి మూడు రోజులకొకసారి వచ్చే ఊరు కదా, నేలకు నీళ్లు పోసేవాడిని చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. బాయిలరు దగ్గర పనిచేసే బసప్ప రోజూ ఒక మాట విసిరేవాడు.

"మద్దన్నా, మాకు తాగేకి నీళ్లు లేవు. నువ్వు గుంతకు తాపుతాండావు."

"నీ బాయిలరు పారబోసే నీళ్లే గదప్పా. నువ్వు తాగుతావంటే సెప్పు, ఈడనే పెట్టిపోతా" అనేవాడు మద్దయ్య. బసప్ప నోరు మూసుకుని బిందె నింపి ఇచ్చేవాడు.

ఎనభై ఎనిమిదో సంవత్సరం మొదట్లో ఆ మిల్లు అవతలి షెడ్డులోకి కొత్త సైజింగ్ మిషను వచ్చింది. ఎమ్మిగనూరు మగ్గాలకు పోయే పడుగుకు గంజి పట్టించి, వేడి డ్రమ్ముల మీద ఆరబెట్టి, బీమనే పెద్ద కండెకు చుట్టే యంత్రం అది. దానికి నాలుగు మోటార్లు. నాలుగూ ఒకదానితో ఒకటి అడుగు కలిపి తిరగాలి, లేకపోతే దారం తెగుతుంది. అందుకని ఒక్కో మోటారుకు ఒక్కో డ్రైవు డబ్బా పెట్టారు. ఆ నాలుగు డబ్బాలకూ కరెంటు రూము పక్కనున్న అద్దాల గదిలోని పెద్ద డబ్బా నుంచి ఒకే ఒక్క సన్నటి కేబులు. పెద్ద డబ్బా నిమిషానికి వందల సార్లు, వంతులవారీగా, నువ్వింత వేగం, నువ్వింత వేగం అని వాటికి చెబుతూనే ఉంటుంది. చెప్పిన మాట అందకపోయినా, అందింది చెడిపోయి వచ్చినా, నాలుగు డబ్బాలూ భయపడి ఆగిపోతాయి. అద్దంలో ఎర్రగా తొమ్మిది అంకె వెలుగుతుంది.

తొమ్మిది వెలిగిందంటే ఆ పూట పోయినట్టే. డ్రమ్ముల మీద ఉన్న దారం మాడుతుంది. గంజి తొట్టిలో ఉన్నది నాని ముద్దవుతుంది. మూడు వేల పోగులు మళ్లీ ముడివేసుకోవాలి. ఆ ముళ్లు వేయడానికి ఎనిమిది మంది ఆడవాళ్లను తీసుకున్నారు. వాళ్లలో మద్దయ్య కూతురు సుగుణమ్మ ఒకతె.

సుగుణమ్మ అప్పటిదాకా పత్తి మార్కెట్లో బోరాలు కుట్టే కూలికి పోయేది. భర్త పేరు బజారి. అతనికి జిన్నింగు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని రెండడుగులు వేస్తే ఆయాసం. ఇల్లు ఆమె చేతుల మీదే నడవాలి. మిషను నెల రోజుల పరీక్షకు నిలబడితే ఎనిమిది మందినీ పర్మనెంటు చేస్తామనీ, నిలబడకపోతే మిషనునూ మనుషులనూ వచ్చిన దోవనే పంపిస్తామనీ మేనేజరు శ్రీపాదరావు మొదటి రోజే చెప్పాడు. పర్మనెంటు అయితే ఆసుపత్రి చీటీ వస్తుంది. ఆ చీటీ మీద బజారికి మందులొస్తాయి. సుగుణమ్మ కోరిక అంతకంటే ఎక్కువేం లేదు.

మిషను బిగించింది బెంగుళూరు నుంచి వచ్చిన ఫిట్టరు. గబగబా పని చేశాడు, సాయంత్రం బండికి టిక్కెట్టు ఉందని చేతులు కడుక్కున్నాడు. అతను పోయాక మద్దయ్య డ్రైవు డబ్బాల మూతలు తీసి ఒక్కో ముడీ చూసుకున్నాడు. ఆ సన్నటి కేబులు లోపల రెండు పల్చటి తీగలు, వాటి మీద తొడుగులాగా అల్లిన జాలీ తీగ ఉన్నాయి. అద్దాల గది వైపు కొసన జాలీని ఎర్తుకు కట్టారు, బాగుంది. షెడ్డు వైపు కొసన దాన్ని కత్తిరించి, నల్లటి టేపు చుట్టి, గాలికి వదిలేశారు. మద్దయ్యకు ప్రాణం ఒప్పలేదు. చదువుకున్నవాళ్లు పని సగంలో వదిలి రైలెక్కుతారని విసుక్కుంటూ టేపు ఊడదీశాడు. జాలీని పురిపెట్టి, టంకం వేసి, షెడ్డు ఎర్తు పట్టీకి బిగించాడు. బిగించి, లైటు వేసి చూసుకుని ముచ్చటపడ్డాడు.

ఆ కొసను కట్టవద్దని మిషనుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి మరీ చెప్పారు. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. అది మేనేజరు గది బీరువాలో, పూజనాడు పెట్టిన కుంకుమ బొట్టుతో సహా భద్రంగా ఉంది.

మూడో రోజు నుంచి తొమ్మిది మొదలైంది. పొద్దున ఎనిమిదికోసారి, పదికోసారి. మధ్యాహ్నం దాటితే కొంచెం తెరిపి. మద్దయ్య చేయని పని లేదు. ప్లగ్గులన్నీ పెట్రోలుతో తుడిచాడు. మరలన్నీ బిగించాడు. కేబులును కరెంటు వైర్లకు దూరంగా జరిపి వేరే మేకులు కొట్టాడు. కేబులే చెడిందేమోనని, పెట్టెలో మిగిలిన కొత్త కేబులు వేశాడు. దాని జాలీని కూడా రెండు కొసలా కట్టాడు, ఈసారి ఇంకా గట్టిగా. చివరికి ఎర్తు చాలడం లేదేమోనని అనుమానమొచ్చి గుంతలకు మూడో బిందె కూడా పోశాడు. ఆ రోజు తొమ్మిది ఆరు సార్లు వెలిగింది.

తనకు తెలిసిన రోగాలు వేరు. మోటారు కాలితే వాసన వస్తుంది. బేరింగు పోతే చప్పుడు వస్తుంది. ఫ్యూజు పోతే కంటికి కనబడుతుంది. ఈ డబ్బాలు మాట్లాడుకునే మాట వినబడదు, కనబడదు, టెస్టరుకు అందదు. మద్దయ్య వాటి ముందు కూర్చుని చాలాసేపు ఊరికే చూసేవాడు. అంత అనుభవం ఉండి చేతులు కట్టేసినట్టు కూర్చోవడం అతనికి సిగ్గుగా ఉండేది.

రెండు టెలిగ్రాములూ ఒక ట్రంకు కాలూ అయ్యాక ఏప్రిల్లో కంపెనీ ఇంజనీరు వచ్చాడు. పేరు వాదిరాజ. మంత్రాలయం మఠంలో సేవ చేసుకునే ఇంటివాడట, ఇక్కడి మాటే మాట్లాడాడు. అతన్ని తీసుకురమ్మని శ్రీపాదరావు మద్దయ్యను తెల్లవారుజామునే స్టేషనుకు పంపాడు. ముందు రోజు మిల్లుకు సెలవు. మిల్లుకొచ్చాక ఇంజనీరు వెంటే ఉండాల్సి వచ్చింది. అట్లా రెండు రోజులు గుంతలకు నీళ్లు లేవు. ఆ ఎండకు గుంత చుట్టూ నల్లరేగడి నోళ్లు తెరిచింది.

ఆ రోజు మిషను గుడిలో దీపంలాగా ఒక్క తీరున నడిచింది. వాదిరాజ పొద్దున్నుంచి సాయంత్రందాకా అద్దాల గదిలో కూర్చున్నాడు. తొమ్మిది ఒక్కసారి కూడా రాలేదు. రోజుల తరబడి ఏడిపించిన మిషను ఇంజనీరు ముందు ఇంత బుద్ధిగా ఉండటం చూసి మద్దయ్యకు దాన్ని సుత్తితో కొట్టాలనిపించింది. వాదిరాజ కాగితం మీద ఏదో రాసి, సంతకం చేసి వెళ్లిపోయాడు. శ్రీపాదరావు ఆ కాగితం చదివి వినిపించాడు.

"మిషనులో లోపమేం లేదప్పా. నడిపేవాళ్లకు అలవాటు సాలదని రాసినాడు."

నడిపేవాళ్లంటే ఆ ఎనిమిది మంది ఆడవాళ్లు. సుగుణమ్మ ఆ సాయంత్రం ఇంటి ముందు పళ్లెం కడుగుతూ అంది.

"మేం ముడేసేది పోగులు నాయనా. ఆ డబ్బాల జోలికి మేమేంటికి పోతాం?"



మర్నాడు నీళ్లు పోశాడు, తొమ్మిది వచ్చింది. అప్పుడు తట్టింది అతనికి. ఇంజనీరు వచ్చిన రోజుకూ ఈ రోజుకూ తేడా ఏమిటి? తాను బిందె ఎత్తలేదు, అదే తేడా. నమ్మబుద్ధి కాలేదు. ఒక రోజు పోసి, రెండు రోజులు మాని, మళ్లీ పోసి, రెండు వారాలు చూశాడు. పోసిన ప్రతిసారీ తొమ్మిది వచ్చింది. మానిన ప్రతిసారీ షెడ్డు ప్రశాంతంగా నడిచింది. ఎందుకో తెలియదు. కానీ ఇరవై రెండేళ్లుగా చేస్తున్న మంచి పనే కూతురి కూడు పోగొడుతోందని మాత్రం తేలిపోయింది.

మేనేజరు దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. శ్రీపాదరావు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

"అయితే నీళ్లు పొయ్యొద్దు. దాంట్లో ఏముంది మద్దయ్యా?"

"పొయ్యకపోతే గుంత సస్తాది సార్. షెడ్డంతా గంజి తడి. ఆడోళ్ల సేతులు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటాయి. యాడైనా కరెంటు లీకైతే నేలకు దిగదు."

"ముప్పై రోజులే కదప్పా. సావుకారు ఇదే ఆఖరు అన్నాడు. రేపటి నుంచి లెక్క. ఒక్క తొమ్మిది వచ్చినా మిషను వెనక్కి పోతాది. ఆ ఆడవాళ్ల గతి నువ్వే ఆలోచించు."

ఇంజనీరుకు రాయమని మద్దయ్య అడిగాడు. లోపం లేదని రాసిచ్చినవాడు మళ్లీ ఎందుకొస్తాడన్నాడు శ్రీపాదరావు. ఆ మాటా నిజమే.

మద్దయ్య ఆ ముప్పై రోజులూ ఎట్లా గడిపాడో అతనికే తెలియాలి. పొద్దున మిల్లులోకి రాగానే చేతులు బిందె కోసం వెతికేవి. బసప్ప నీళ్లు పట్టి పెట్టి, ఏమన్నా, గుంతకు ఉపవాసమా అని అడిగితే తలదించుకుని పోయేవాడు. షెడ్డులో యంత్రం చుట్టూ పొడి చెక్క పలకలు పరిచాడు. సాయంత్రానికి అవి గంజి తాగి మెత్తబడేవి. స్టోరు నుంచి రబ్బరు చేతితొడుగులు తెచ్చి ఎనిమిది మందికీ ఇచ్చాడు. తొడుగుతో నూలు పోగు ముడి పడదు. సుగుణమ్మ వాటిని మడిచి తండ్రికే తిరిగిచ్చింది. గంటకోసారి టెస్టరు పట్టుకుని యంత్రం ఒళ్లంతా తడిమేవాడు. అందులోని బుడ్డి దీపం వెలగకపోతే ఊపిరి పీల్చుకుని, మళ్లీ గంట కోసం ఎదురుచూసేవాడు.

పది రోజులు, ఇరవై రోజులు, ఇరవై ఏడు. తొమ్మిది రాలేదు. ఎనిమిది మందీ పనిలో పాటలు కూడా పాడుకున్నారు. ఆసుపత్రి చీటీ మీద భర్త పేరు కూడా రాస్తారా అని సుగుణమ్మ గుమాస్తాను అడిగి వచ్చింది.

ఇరవై ఎనిమిదో రోజు అన్నం గంటకు ఆమె తండ్రి దగ్గరికొచ్చి కూర్చుంది. కుడి చేతి వేళ్లను ఎడమ చేత్తో రుద్దుకుంటోంది.

"ఏమైంది సెయ్యికి?"

"ఏం లేదు నాయనా. పొద్దున్నుంచి ఆ రెండో డ్రమ్ము కాడ పట్టుకుంటే సెయ్యి జివ్వుమంటాంది. సీమలు పారినట్ల. నా పక్కన ముడేసే ముత్తమ్మకూ అట్లనే ఉండాదంట."

మద్దయ్య ముద్ద పళ్లెంలోనే వదిలేసి లేచాడు. రెండో డ్రమ్ము పట్టీకి టెస్టరు ఆనిస్తే లోపల బుడ్డి ఎర్రగా, మసకగా వెలిగింది. పెద్ద వెలుగేం కాదు. గిడ్డయ్య పోకముందు వారం రోజులు ఆ నూనె మిల్లు పెట్టె కూడా జివ్వుమనేదని అన్నే చెప్పాడు. చెప్పి నవ్వాడు కూడా.

మేనేజరు గదికి పరిగెత్తాడు. సాయంత్రందాకా ఆగే పని కాదు, ఇప్పుడే మిషను రెండు గంటలు ఆపితే లీకు ఎక్కడుందో పట్టుకుంటానన్నాడు. ఆపితే ఆగినట్టే లెక్క అన్నాడు శ్రీపాదరావు. "రెండు దినాలప్పా. రెండంటే రెండు. కాళ్లకు సెప్పులు తొడుక్కోమను, సాలు." ఆయన గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. ఆయన మీద సావుకారు, సావుకారు మీద బ్యాంకు. అందరి చేతులూ కట్టేసే ఉన్నాయి. ఆ ఎనిమిది మంది చేతులు మాత్రమే తడిగా ఉన్నాయి.

మద్దయ్య బాయిలరు దగ్గరికి నడిచాడు. బసప్ప రెండు బిందెలు నింపాడు. వాటిని రెండు చేతులా పట్టుకుని షెడ్డు గోడవారకు వచ్చేసరికి సుగుణమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. బిందెల వైపు చూసింది. ఆమెకు అంతా తెలుసు, తండ్రి చెప్పాడు.

"నాయనా, ఇంకా రెండు దినాలే గదా. నేను ఆ డ్రమ్ము ముట్టుకోనులే."

"ముట్టుకోకుండా ముడేస్తావా?"

"ఆయనకు మందులు ఎట్ల తేవల్ల?" అంది.

మద్దయ్యకు కళ్లనీళ్లు వచ్చాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. మొదటి బిందె వంచాడు. నేల పగుళ్లలోంచి నీళ్లు గుటకలు వేస్తున్నట్టు లోపలికి దిగాయి. రెండోది కూడా వంచాడు. కూతురు గుమ్మంలోంచి కదలకుండా చివరి చుక్కదాకా చూసి, లోపలికి వెళ్లి తన చోట నిలబడింది. మద్దయ్య వెళ్లి డ్రమ్ముకు టెస్టరు పెట్టాడు. బుడ్డి వెలగలేదు.

మూడున్నరకు తొమ్మిది వెలిగింది.

నెల తిరగకముందే కంపెనీ వాళ్లు లారీలో వచ్చి, కేబులు కోసి, మిషను విప్పుకుని పోయారు. ఎనిమిది మందీ ఎవరి దోవ వాళ్లు పట్టారు. సుగుణమ్మ మళ్లీ పత్తి మార్కెట్లో బోరాలు కుడుతోంది. తండ్రితో మాటలు తగ్గించింది. కోపమని కాదు, ఇద్దరి మధ్యా మాట్లాడటానికి మిగిలిందేం లేనట్టు.

శ్రావణంలో ఎవరో చెప్పారు, ఆ మిషనునే ఎమ్మిగనూరులో ఇంకొకాయన షెడ్డులో బిగించారని, రెండు నెలలుగా ఆగకుండా నడుస్తోందని. మద్దయ్య సెలవు రోజు చూసుకుని బస్సెక్కాడు. ఏం చూడాలని వెళ్తున్నాడో అతనికే తెలియదు. వెళ్లకుండా మాత్రం ఉండలేకపోయాడు.

షెడ్డులో అదే యంత్రం, అవే నాలుగు డబ్బాలు. కొత్త ఆడవాళ్లు పోగులు ముడేస్తున్నారు. గోడవారన ఎర్తు గుంత నిండా నీళ్లు. వాదిరాజ అక్కడే ఉన్నాడు, ఏదో పరీక్షకు వచ్చాడట. మద్దయ్యను గుర్తుపట్టి కుర్చీ వేయించాడు.

"ఈడ గుంతకు నీళ్లు పోస్తాండారా సార్?"

"దినామూ పోస్తారు పెద్దాయనా. ఏంటికట్ల అడుగుతారు?"

మద్దయ్య మొదటి నుంచీ చెప్పాడు. నీళ్లు పోసిన రోజూ, పోయని రోజూ, మూడో బిందె, అన్నీ. వింటున్నకొద్దీ వాదిరాజ మొహం మారింది. లేచి డ్రైవు డబ్బా మూత తీసి చూపించాడు. కేబులు కొసన జాలీ తీగ కత్తిరించి ఉంది. దాని మీద నల్లటి టేపు చుట్టి, గాలికి వదిలేసి ఉంది.

"మీ కాడ ఈ కొస ఎట్లుండె?"

"కట్టినా సార్. ఎర్తుకు. నేనే కట్టినా."

వాదిరాజ మెల్లగా చెప్పాడు. రెండు గుంతలు ఎప్పుడూ ఒకే తీరున ఉండవు, వాటి మధ్య కొంత కరెంటు పారుతుంది. జాలీని రెండు కొసలా కడితే ఆ కరెంటుకు జాలీయే దోవ అవుతుంది. లోపల మాటలు మోసే సన్న తీగలను ఆనుకుని పారుతూ వాటి మాటను చెడగొడుతుంది. నీళ్లు పోసినకొద్దీ దోవ బాగుపడి ఇంకా ఎక్కువ పారింది. గుంత ఎండితే దోవ మూసుకుపోయి మిషను నడిచింది. పవరు తీగకు మద్దయ్య చేసిందే ధర్మం, మాట తీగకు మాత్రం కాదు.

"నీళ్ల తప్పు కాదు పెద్దాయనా. ఆ ముడి ఒక్కటే. నేను కూడా ఆ పొద్దు ఈ మూత తియ్యలేదు. నడుస్తాంది గదా అనుకున్నా." అతను తలెత్తలేదు. అతను తలదించుకోవడం వల్ల మద్దయ్యకు ఒరిగిందేమీ లేదు.

ఇంటికొచ్చేసరికి సుగుణమ్మ గడపలో కూర్చుని దబ్బనానికి దారం ఎక్కిస్తోంది. లోపల బజారి దగ్గుతున్నాడు. చెప్పకుండా ఉండొచ్చు. దారి పొడుగునా మద్దయ్య అదే అనుకున్నాడు. ఆమె మొహం చూశాక దాచడం చేతకాలేదు. ఎదురుగా కూర్చుని చెప్పాడు. నీళ్లు కాదు, ఎండా కాదు, మొదటి రోజు సాయంత్రం తాను ముచ్చటపడి బిగించిన ముడి అని చెప్పాడు.

సుగుణమ్మ చేతిలో దారం ఆగింది.

"ఆ ముడి ఇప్పేకి ఎంతసేపు పడ్తాది నాయనా?"

"అయిదు నిమిషాలు" అన్నాడు మద్దయ్య.

ఆమె తలూపింది. దారం కొసను నోట తడిపి, మళ్లీ దబ్బనం బెజ్జంలోకి ఎక్కించడం మొదలుపెట్టింది.